పెట్టె మూలకెళ్ళింది: పజిల్ గేమ్‌లతో ఒక పాపకు పట్టుదల నేర్పిన కేసు

మొదటిరోజు పాప తెచ్చిన లెక్కల నోటుపుస్తకంలో ఒక పేజీకి చిల్లు ఉంది. ఎవరూ చింపింది కాదు, రబ్బరుతో రుద్ది రుద్ది పడింది. ఆ చిల్లు చుట్టూ కాగితం బూడిదరంగుకి తిరిగి, కింది పేజీలోని అంకె ఒకటి అందులోంచి కనిపిస్తోంది. తర్వాత పన్నెండు వారాలు మేం చేసిన పనికి ఆ పేజీయే మొదలు.

పాపకు తొమ్మిదేళ్ళు, నాలుగో తరగతి. బడి వయసు పిల్లలతో పనిచేసే కౌన్సెలింగ్ సైకాలజిస్టుని నేను. టీచరు రాసి పంపిన చీటీలో ఒకటే వాక్యం ఉంది: "తెలివైనదే, చెయ్యదు." వాళ్ళమ్మ ఇంకొంచెం వివరంగా చెప్పింది: "మొదటిసారి తప్పు పోతే చెరుపుతుంది మేడమ్. రెండోసారీ తప్పు పోతే పుస్తకం మూసేస్తుంది. బతిమాలినా తెరవదు." తల్లిదండ్రుల అనుమతితో రాస్తున్నాను. పాపను ఎవరూ గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను.

చూపు, చదవడం, లెక్కల స్థాయి ముందే చూశాం. అన్నీ వయసుకు తగ్గట్టే ఉన్నాయి, అభ్యసన లోపం సూచనలేవీ లేవు. ఈ పరీక్ష మానేసి నేరుగా "పట్టుదల లేదు" అని తేల్చేయడం పెద్ద తప్పు. అక్షరాలు కుదురుగా కనబడని పిల్లవాడు పుస్తకం మూసేస్తే దాన్ని పట్టుదల లేకపోవడం అనలేం.

ఆకారాల ముక్కల్ని కలిపి బొమ్మ చేసే చెక్క పజిళ్ళు నాలుగు ఇచ్చాను. మొదటి రెండూ చకచకా చేసేసింది. మూడోది కొంచెం కష్టం. గడియారం చూస్తున్నాను. నలభై సెకన్లకు చేతులు ఒళ్ళో పెట్టుకుని "రాదు నాకు" అంది. ఏడుపు లేదు, కోపం లేదు. పేరేమిటని అడిగితే చెప్పినంత మామూలుగా చెప్పింది. నాకు దిగులు కలిగించింది ఆ మామూలుతనమే.

1978లో కరోల్ డీనర్, కరోల్ డ్వెక్ అనే సైకాలజిస్టులు ఇలాంటి పిల్లల్నే గమనించారు. కష్టమైన సమస్యలిచ్చి, చేస్తూ చేస్తూ పైకి మాట్లాడమన్నారు. కొందరు పిల్లలు తప్పు రాగానే తమ తెలివి మీద తీర్పు చెప్పుకున్నారు. ఇంకొందరు తీర్పు జోలికి పోకుండా, ఇప్పుడేం చెయ్యాలో తమకు తాము చెప్పుకున్నారు. "రాదు నాకు" తీర్పు. "ఈ ముక్కను తిప్పి చూద్దాం" పని. పాప నోట్లో మొదటి మాట స్థానంలో రెండోది రావాలి. నేను పెట్టుకున్న లక్ష్యం అంతే. మార్కులు పెరగాలనేది నా లక్ష్యంలో లేదు, వాళ్ళ నాన్నకు ఉండేది. ఆయనతో ఆ మాట మొదటిరోజే తేల్చుకున్నాను.

ఏ గేమ్, ఎందుకు

కాగితం మీద తప్పు చేస్తే ఆ తప్పు అక్కడే ఉండిపోతుంది. చెరిపినా మచ్చ మిగులుతుంది, పైగా ఎర్రసిరాతో ఇంకొకరు చూస్తారు. పజిల్ గేమ్‌లో తప్పు చేస్తే తెరకూ మనకూ తప్ప మూడోవాళ్ళకు తెలియదు, ఒక్క మీట నొక్కితే వెనక్కి పోతుంది. ఈ పాపకు గేమ్ ఎంచుకోవడానికి ఇదొక్కటే కారణం. పిల్లలకు గేమ్‌లంటే ఇష్టం కాబట్టి అనే వాదన నాకు రుచించదు. ఇష్టమైనదాని మీద ఎవరైనా కూర్చుంటారు, అందులో నేర్పడానికేముంది?

అలాగని పజిల్ అని పేరున్న ప్రతిదీ పనికిరాదు. టైమర్ ఉన్నవన్నీ మొదటే తీసేశాను. క్యాండీ క్రష్ సాగా లాంటివీ పక్కన పెట్టాను. అందులో ఐదు ప్రాణాలిస్తారు. అవి అయిపోతే ఒక్కో ప్రాణం తిరిగి రావడానికి అరగంట ఆగాలి, లేదా డబ్బు కట్టాలి. పైనుంచి ఏ రంగు మిఠాయి పడుతుందన్నది మన చేతిలో ఉండదు. ఓడిపోతే ఎందుకు ఓడానో తెలియదు, గెలిచినా అంతే. అక్కడ పిల్లలు నేర్చుకునేది ఎదురుచూడటం, అదృష్టాన్ని నమ్ముకోవడం. నాకు కావలసిన గేమ్‌లో ఒకే ఎత్తు వేస్తే ప్రతిసారీ ఒకే ఫలితం రావాలి, మొత్తం లెవెల్ ఒక్క తెరలో కనబడాలి, వెనక్కి వెళ్ళే మీట ఎన్నిసార్లు నొక్కినా పనిచెయ్యాలి.

మొదటి ఐదు వారాలకు సోకోబాన్ తీసుకున్నాను. హిరోయుకి ఇమాబయాషి 1981లో తయారుచేసిన పాత గేమ్ ఇది. జపనీస్‌లో ఆ మాటకు గిడ్డంగి కాపలాదారు అని అర్థం. గళ్ళలో ఒక మనిషి, కొన్ని పెట్టెలు, పెట్టెలు చేర్చాల్సిన గుర్తులు, అంతే. పెట్టెను నెట్టొచ్చు, లాగకూడదు. ఒకసారి ఒక్క పెట్టెనే నెట్టాలి. చిన్నపిల్లలకు రెండు నిమిషాల్లో అర్థమవుతుంది, లెవెల్ తెగడానికి మాత్రం పెద్దలకు కూడా గంటలు పడుతుంది. లెవెల్ పెద్దదయ్యేకొద్దీ కంప్యూటర్లకు కూడా ఇది బహు కష్టమైన సమస్య అని గణితపరంగా నిరూపించారు. ఆ సంగతి పాపకు చెప్తే కళ్ళు పెద్దవి చేసి "కంప్యూటర్‌కి కూడా రాదా?" అంది. ఆ రోజు తన కుర్చీ ఒక జానెడు ముందుకు జరిగింది.

రెండో గేమ్ బాబా ఈజ్ యు. ఫిన్లండ్‌కు చెందిన ఆర్వి టేకారి చేసింది, 2019లో వచ్చింది. దాని గురించి తర్వాత చెప్తాను.

ఏం కొలిచాను

పట్టుదలను గెలుపుతో కొలిస్తే తేలికైన లెవెల్ ఇచ్చి మనల్ని మనం మోసం చేసుకోవచ్చు. వాలెరీ షూట్, మాథ్యూ వెంచురా ఒక భౌతికశాస్త్ర గేమ్‌తో చేసిన పనిలో, 2013లో, పిల్లలు పరిష్కరించలేకపోయిన లెవెళ్ళ మీద ఎంతసేపు గడిపారన్నది చూశారు. ఆ ఆలోచన నాకు నచ్చింది. తెగని లెవెల్ దగ్గరే అసలు సంగతి బయటపడుతుంది. నోట్‌బుక్‌లో మూడు గడులు గీసుకున్నాను: చిక్కుకున్నాక ఎంతసేపు కూర్చుంది, ఎన్ని వేరు వేరు ప్రయత్నాలు చేసింది, ఏం మాట అని ఆపింది. మూడో గడి నా సొంతం. పన్నెండు వారాల తర్వాత వెనక్కి తిరిగి చూస్తే ఎక్కువ పనికొచ్చింది అదే.

వారానికొక కూర్చోవడం, నలభై నిమిషాలు. అందులో గేమ్ పాతిక నిమిషాలకు మించలేదు.

నేను చేసిన తప్పులు

మొదటి వారం నేనే ముందు ఆడి చూపించాను. పెద్దవాళ్ళు తంటాలు పడటం చూస్తే పిల్లలు కూడా ఎక్కువసార్లు ప్రయత్నిస్తారని 2017లో ఒక పరిశోధన వచ్చింది. పదిహేను నెలల పసిపిల్లల్లోనే అది కనిపించింది. సరే అని, నాకు తెలిసిన లెవెల్‌నే తీసుకుని, తెలియనట్టు నుదురు రుద్దుకుంటూ "అయ్యో, ఇది ఎటు నెట్టాలబ్బా" అని నాటకం మొదలుపెట్టాను. పాప ఒక నిమిషం చూసి, "మీకు ముందే తెలుసు కదా మేడమ్?" అంది. అక్కడితో నాటకం ముగిసింది. రెండో వారం నుంచి నేను నిజంగా ఎప్పుడూ చూడని లెవెళ్ళనే తన ముందు ఆడాను. మూడో వారంలో ఒకటి నాకు తెగలేదు. "ఇవాళ్టికి ఇది వదిలేస్తున్నా, వచ్చేవారం మళ్ళీ చూస్తా" అని నిజంగానే వదిలేశాను. ఎదురుగా కూర్చున్న పెద్దమనిషికి ఒక పని రాలేదు, అయినా ఆకాశం విరిగి పడలేదు. పాప దాన్ని చాలాసేపు చూసింది.

రెండో తప్పు పొగడ్త. "తెలివైనదానివి" అని పొగిడిన పిల్లలు, "బాగా కష్టపడ్డావు" అని పొగిడిన పిల్లల కంటే తొందరగా చేతులెత్తేశారని 1998లో ముల్లర్, డ్వెక్ చేసిన ప్రయోగాలు మా రంగంలో అందరికీ తెలుసు. అందుకే నేను "ఎంత కష్టపడ్డావో!" అన్నాను. పాప జవాబు: "కష్టపడ్డాను, కానీ రాలేదుగా." నిజమే. పని కానప్పుడు కష్టాన్ని మెచ్చుకుంటే పిల్లలకు అది ఓదార్పులాగే వినబడుతుంది. ఆ తర్వాత పొగడటం మానేసి, చూసింది చూసినట్టు చెప్పడం మొదలుపెట్టాను: "ఈసారి కింది పెట్టె ముందు నెట్టావు. పోయినసారి పైది." మెచ్చుకోలు లేదు, తీర్పూ లేదు. పాప తల ఊపి మళ్ళీ తెర వైపు తిరిగేది.

మూల

సోకోబాన్‌లో పెట్టె మూలకు చేరితే ఇక కదలదు. లాగడానికి వీల్లేదు, నెట్టాలంటే అవతలి పక్కన గోడ. ఆ పెట్టె చేరాల్సిన గుర్తు ఆ మూలలోనే లేకపోతే లెవెల్ అక్కడితో చచ్చినట్టే. కానీ గేమ్ ఆ మాట చెప్పదు! మనిషి ఇంకా నడుస్తూనే ఉంటాడు, మిగతా పెట్టెలు కదులుతూనే ఉంటాయి. చచ్చిన లెవెల్‌ను పది నిమిషాలు ఆడుతూ కూర్చోవచ్చు.

పాప నాలుగో వారంలో సరిగ్గా అదే చేసింది. పెట్టె మూలకెళ్ళింది. గమనించలేదు. మిగతా రెండు పెట్టెల్నీ చక్కగా చేర్చింది, మూడోదాని చుట్టూ తిరుగుతోంది, కిందినుంచి, పక్కనుంచి, మళ్ళీ కిందినుంచి. పదకొండు నిమిషాలు. నా కొలత గడిలో అది అప్పటికి అతి పెద్ద అంకె, రాసుకుంటూ నేను సంబరపడాలి. కానీ అది పట్టుదల కాదని పక్కనే కూర్చున్న నాకు కనబడుతూనే ఉంది. మన భాషలో పట్టు, విడుపు అని రెండూ కలిపి అంటాం. పిల్లలకు పట్టు ఒక్కటే నేర్పితే మొండితనం వస్తుంది. మొండిగా కూర్చుని విసిగిపోయిన పిల్ల రేపు అసలు కూర్చోదు.

"ఈ పెట్టె ఇక్కణ్ణుంచి ఎటు పోగలదు?" అని అడిగాను. వేలితో నాలుగు దిక్కులూ చూపించుకుంది. పైన గోడ. ఎడమ గోడ. కుడివైపుకు నెట్టాలంటే ఎడమన నిలబడాలి, అక్కడ గోడ. కిందికి నెట్టాలంటే పైన నిలబడాలి, అక్కడా గోడే. ఐదారు సెకన్లు ఆగి, "ఇది మూలకెళ్ళిపోయింది మేడమ్, ఇంకేం చేసినా రాదు" అంది. అదే "రాదు". కానీ ఇప్పుడు రానిది పెట్టె. "నాకు" అనే మాట పోయింది. నా మూడో గడిలో ఆ వాక్యం కింద రెండు గీతలున్నాయి.

అక్కణ్ణుంచి మేం "ఎప్పుడు మూలకెళ్ళింది?" అనే ప్రశ్నతో వెనక్కి నడిచాం. ఒక్కో ఎత్తూ వెనక్కి తీసుకుంటూ, పెట్టె ఇంకా బతికున్న చివరి క్షణం దాకా. ఆ లెవెల్‌లో అది ఏడు ఎత్తుల వెనక ఉంది.

వెనక్కి మీటతో ఒక చిక్కు కూడా వచ్చింది. ఐదో వారానికి పాప దాన్ని తబలా వాయించినట్టు వాయించేస్తోంది: నెట్టు, వెనక్కి, నెట్టు, వెనక్కి. ప్రయత్నాల లెక్క అరవై దాటింది, ఆలోచన సున్నా. తప్పుకు ఖరీదు లేకపోవడం మంచిదే, మరీ లేకపోతే తప్పును ఎవరూ చూడరు. ఒక నియమం పెట్టాను: వెనక్కి నొక్కే ముందు ఎందుకో ఒక్క ముక్క చెప్పాలి. "మూలకెళ్ళింది", "దారి మూసుకుపోయింది", "ముందు ఇది చెయ్యాల్సింది", ఇలా. "ఊరికే" అన్నా సరే, కానీ పైకి అనాలి. ప్రయత్నాల సంఖ్య వెంటనే సగానికి పడింది, లెవెళ్ళు మాత్రం తెగడం మొదలైంది. ఈ కేసులో ఇంకొకరు వాడుకోదగిన పద్ధతి ఒక్కటే చెప్పమంటే ఇదే చెప్తాను.

బాబా ఈజ్ యు దగ్గర

ఈ గేమ్‌లో నియమాలు కూడా పెట్టెల్లాగే తెర మీద పడి ఉంటాయి. "వాల్ ఈజ్ స్టాప్" అని మూడు పదాలు వరసగా ఉన్నంతసేపే గోడ అడ్డుపడుతుంది. అందులో ఒక పదాన్ని పక్కకు నెడితే గోడలోంచి నడిచి వెళ్ళిపోవచ్చు. పాపకు అంత ఇంగ్లీషు చదవడం వచ్చు కాబట్టి ఎంచుకున్నాను. చదవడంలో ఇబ్బంది ఉన్న పిల్లలకు ఇది ఇవ్వకండి.

మొదటిరోజే పాప "బాబా ఈజ్ యు" అన్న వాక్యాన్నే విరగ్గొట్టింది. బాబా అంటే మనం కదిపే తెల్లటి జంతువు. వాక్యం విరిగాక అది మనం కాకుండా పోయింది. ఏ మీట నొక్కినా ఏదీ కదలదు. తెర స్తంభించింది. పాప నా వైపు చూసింది, నేను పెదవి విప్పలేదు. అప్పుడు ఫక్కుమని నవ్వింది: "నన్ను నేనే తీసేసుకున్నా!" ఆరు వారాల్లో నేను విన్న మొదటి నవ్వు, అదీ ఒక తప్పు మీద.

మధ్యలో ఇంటి దగ్గర ఒక సంగతి జరిగింది. పాప ఇంట్లో అడిగి ఆ గేమ్ పెట్టించుకుంది. ఒక సాయంత్రం చిక్కుకుని కళ్ళనీళ్ళు పెట్టుకుంటే వాళ్ళ నాన్న వీడియో వెతికి జవాబు చూపించేశారు. "ఏడుస్తుంటే చూడలేకపోయాను మేడమ్" అన్నారు. తప్పు పట్టలేదు. నేనున్నా నా పిల్లల దగ్గర అదే చేస్తానేమో. 1976లో వుడ్, బ్రూనర్, రాస్ పిల్లలకిచ్చే సాయాన్ని పరంజాతో పోల్చారు. గోడ లేచేదాకా ఉండాలి, లేచాక తీసెయ్యాలి. ఆయనకు మూడు మెట్లు చెప్పాను. మొదట, "ఇప్పటిదాకా ఏం తెలిసింది?" అని అడగండి. చాలకపోతే, "ఇంకా ఏది కదిపి చూడలేదు?" అనండి. అప్పటికీ కాకపోతే ఒకే ఒక్క ఎత్తు చూపించి లేచి వెళ్ళిపోండి. లేచి వెళ్ళడమే తనకు అన్నిటికంటే కష్టంగా ఉందని తర్వాత నవ్వుతూ ఒప్పుకున్నారు.

నోటుపుస్తకం దాకా

తొమ్మిదో వారానికి పాప తెగని లెవెల్ మీద పద్నాలుగు నిమిషాలు కూర్చుంటోంది, అదీ మాట్లాడుకుంటూ. లెక్కల పుస్తకంలో మాత్రం మార్పేమీ లేదు. టీచరు అదే చెప్పారు.

నాకు ఆశ్చర్యం కలగలేదు. 2015లో షూట్ బృందం 77 మంది కాలేజీ విద్యార్థుల్లో కొందరితో పోర్టల్ 2 అనే పజిల్ గేమ్, మిగతావాళ్ళతో లూమోసిటీ అనే మెదడు శిక్షణ గేమ్‌లు ఎనిమిది గంటలు ఆడించి, పోర్టల్ ఆడినవాళ్ళకు పట్టుదల పరీక్షలో మెరుగైన ఫలితం వచ్చిందని రాసింది. ఆశ కలిగించే ఫలితమే. కానీ వాళ్ళు పెద్దవాళ్ళు, సంఖ్యా చిన్నది. మెదడు శిక్షణ గేమ్‌ల మీద 2016లో సైమన్స్ బృందం రాసిన పెద్ద సమీక్ష మాత్రం, సాధన చేసిన పనిలో మెరుగుదల వస్తుందనీ, దూరపు పనులకు అది పాకుతుందనడానికి ఆధారాలు తక్కువనీ తేల్చింది. గేమ్‌లో నేర్చింది తనంతట తాను నడిచి పుస్తకంలోకి రాదు. వంతెన మనమే కట్టాలి.

మిగిలిన మూడు వారాలు గేమ్ పది నిమిషాలకు తగ్గించి, రబ్బరు నా డ్రాయరులో పెట్టేశాను. తప్పు అనిపిస్తే చెరపడం లేదు, పక్కన చిన్న గీత గీసి "ఎందుకు" ఒక్క ముక్క రాసి, కింద మళ్ళీ మొదలుపెట్టాలి. వెనక్కి మీట నియమమే, పెన్సిల్‌తో.

పదో వారం లెక్క: 503 లోంచి 278 తియ్యాలి. పాప 375 అని వేసింది. మూడులోంచి ఎనిమిది పోదు కాబట్టి ఎనిమిదిలోంచి మూడు తీసేసింది. సున్నా, ఏడు దగ్గరా అంతే. పిల్లలు తరచుగా చేసేదే. కూడి సరిచూసుకోమన్నాను. 653 వచ్చింది. చెయ్యి అలవాటుగా రబ్బరు కోసం బల్ల మీద వెతికింది. లేదు. కాసేపు అంకెల వైపు చూసి, "ఎక్కడ మూలకెళ్ళింది?" అని తనే అంది. నేను అడగలేదు. పెన్సిల్ ములుకు ఒకట్ల స్థానం మీద ఆగింది. పక్కన "తిరగేశా" అని రాసుకుంది.

రెండో ప్రయత్నంలో అప్పు తీసుకోవాలని గుర్తొచ్చింది. పదుల స్థానంలో సున్నా ఉంది కాబట్టి దాన్ని దాటేసి నేరుగా ఐదు దగ్గర తెచ్చుకుంది. 13లోంచి 8 పోతే 5, బాగానే ఉంది. సున్నాలోంచి ఏడు? "మళ్ళీ మూల." పక్కన గీత, "సున్నాని దాటేశా." మూడోసారి ఐదును నాలుగు చేసి, సున్నాను పది చేసి, ఆ పదిలోంచి ఒకటి పక్కకిచ్చి తొమ్మిది చేసింది. 225. కూడింది. 503. పేజీలో మూడు లెక్కలూ ఒకదాని కింద ఒకటి అలాగే ఉన్నాయి, చిల్లు లేదు. ఆ ఒక్క లెక్కకు తొమ్మిది నిమిషాలు పట్టింది.

ఈ పద్ధతి అందరికీ కుదరదు. ఇదే ఏడాది పదకొండేళ్ళ అబ్బాయితో మొదలుపెట్టి మూడో వారంలో ఆపేశాను. అతనికి గేమ్ దాక్కోవడానికి ఒక గూడు అయింది. ఆపమన్నప్పుడల్లా గొడవ, నలభై నిమిషాల్లో పావు వంతు దానికే పోయేది. తెర ఆపడమే సమస్యగా ఉన్న పిల్లలకు తెరతో పట్టుదల నేర్పబోవడం నా తెలివితక్కువే. అతనితో ఇప్పుడు చెక్క పజిళ్ళే చేస్తున్నాను.

పాపను మూడు నెలల తర్వాత మళ్ళీ చూశాను. ఇంట్లో, తరగతిలో మామూలు లెక్కల దగ్గర పుస్తకం మూయడం చాలావరకు పోయింది. సమయం పెట్టి రాయించే పరీక్షల్లో మాత్రం ఇంకా బిగుసుకుపోతోంది. టైమర్ ఉన్న గేమ్‌లన్నిటినీ మొదట్లోనే తీసేసింది నేనే కాబట్టి ఆ సాధన తనకు అసలు అందలేదు. ఆ పని ఇప్పుడు టీచరుతో కలిసి విడిగా మొదలుపెట్టాం: ముందు పది నిమిషాల పని ఇరవై నిమిషాల్లో, తర్వాత నెమ్మదిగా తగ్గిస్తూ.

వెళ్ళేముందు పాప మూడో వారంలో నేను వదిలేసిన సోకోబాన్ లెవెల్ గురించి అడిగింది. ఇంకా తెగలేదని చెప్పాను. కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది. ఇద్దరం పావుగంట చూశాం. కుడివైపు పెట్టెను ముందు కదపకూడదని మాత్రం తేలింది. అది నోట్‌బుక్‌లో రాసి, తేదీ వేసి మూశాం.